కు చీ సొరంగాలు: టికెట్ కొని మనం దూరేది ఒకటి, వాళ్లు బతికింది ఇంకోటి

వియత్నాంలో హో చి మిన్ సిటీకి (పాత పేరు సైగాన్) వెళ్లి కు చీ సొరంగాలు చూసినవాళ్లు ఎవరైనా సరే ఒక ఫోటో పెడతారు చూడండి, నేలలో చిన్న చెక్క మూత, దాన్ని రెండు చేతులతో నెత్తి మీదకి ఎత్తి పట్టుకుని, నడుము దాకా గోతిలో దిగి, పళ్లు బయటపెట్టి నవ్వుతూ. నేనూ దిగాను. మా బావమరిది కూడా దిగబోయాడు గానీ భుజాల దగ్గరే ఆగిపోయాడు. "బావా, ఇది మనుషుల కోసం తవ్వింది కాదు" అన్నాడు. గైడ్ నవ్వి, ఇది మీలాంటి టూరిస్టుల కోసం పెద్దది చేసిందే సార్, అసలుది ఇంకా చిన్నది అన్నాడు. ఆ మాట దగ్గరే నాకు బుర్రలో పురుగు తొలిచింది. అసలుది అంటే ఏది, మనకి చూపించేది ఏది, ఈ రెండొందల యాభై కిలోమీటర్లు అని చెప్పే లెక్క ఏంటి, వియత్నాం యుద్ధంలో అంత పెద్ద అమెరికా సైన్యం తన కాళ్ల కింద గెరిల్లాలు తవ్వుకున్న గోతుల్ని ఇన్నేళ్లు ఎందుకు పూడ్చలేకపోయింది అని.

ముందు ఆ 250 కిలోమీటర్ల సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే. ఇది మెట్రో టన్నెల్ లాగా ఒక చివర దూరి ఇంకో చివర తేలే సొరంగం కాదు. చెట్టు వేళ్లలా ఒక మెయిన్ దారి, దాని నుంచి పక్కలకి కొమ్మలు, కొమ్మలకి మళ్లీ పిల్లకొమ్మలు, కొన్ని పక్క ఊరికి పోతాయి, కొన్ని సైగాన్ నది ఒడ్డున తేలతాయి, కొన్ని ఎటూ పోకుండా కావాలనే ఆగిపోతాయి. అన్నీ కలిపి కొలిస్తే ఆ లెక్క. పైగా ఎవరో ఇంజినీరు కూర్చుని ప్లాన్ గీసి తవ్వించింది కాదు. 1940ల చివర్లో ఫ్రెంచి వాళ్లతో కొట్లాడే రోజుల్లో తాన్ ఫూ చుంగ్, ఫువోక్ విన్ ఆన్ అనే రెండు ఊళ్ల దగ్గర చిన్న చిన్న దాక్కునే గోతులుగా మొదలైంది. కాగితాలు, తుపాకులు, వెతుకుతున్న మనిషి, వీటిని దాచడానికి. ఒక్కో గోతికి ఒకటే నోరు, అది దొరికిపోతే లోపలున్నవాడి పని అయిపోయినట్టే. అందుకని పక్కింటి గోతితో కలిపారు, తర్వాత పక్క వీధితో, తర్వాత పక్క ఊరితో. 1960ల మొదట్లో అమెరికా దన్నుతో దక్షిణ వియత్నాంలోని సైగాన్ ప్రభుత్వం ఊళ్లని ఖాళీ చేయించి, కంచెలు కట్టిన కొత్త ఊళ్లలోకి జనాన్ని తోలడం మొదలుపెట్టాక తవ్వకం ఊపందుకుని, ఉత్తరం వైపున్న ఆరు ఊళ్లని కలిపే వెన్నెముకలా తయారయింది.

ఇంకో చిన్న మాట, పేర్ల గురించి. ఈ సొరంగాల్లోంచి పోరాడినవాళ్లని వియత్‌కాంగ్ అని మనం అలవాటుగా అంటాం గానీ అది వాళ్లు పెట్టుకున్న పేరు కాదు, సైగాన్ ప్రభుత్వం వాళ్లని తక్కువ చేస్తూ పిలిచిన పేరు. వాళ్లు 1960 డిసెంబర్ 20న పెట్టుకున్న సంస్థ పేరు నేషనల్ లిబరేషన్ ఫ్రంట్. కు చీలో గైడ్‌లు మాత్రం టూరిస్టుల కోసం వియత్‌కాంగ్ అనే అంటారు, వీసీ అని షార్ట్‌గా కూడా అంటారు, పెద్దగా పట్టించుకోరు. ఇక కు చీ అన్నది ఆ చుట్టుపక్కల బాగా పెరిగే ఒక చెట్టు పేరని చెప్తారు, అది మన విషముష్టి చెట్టే. ఊరికి విషముష్టి అని పేరు పెట్టుకున్నారంటే, వినగానే నాకైతే భలే అనిపించింది.

సరే, ఇక్కడే ఎందుకు తవ్వారు? మ్యాప్ ముందు పెట్టుకుంటే సగం అర్థమైపోతుంది. దక్షిణాన మెకాంగ్ డెల్టా అంతా బురద, మన కోనసీమలో రెండు అడుగులు తవ్వితే నీళ్లు ఊరినట్టే అక్కడా ఊరతాయి, సొరంగం కాదు కదా గుంజ పాతడమే కష్టం. కు చీ దగ్గరికి వచ్చేసరికి ఆ డెల్టా అయిపోయి నేల కొంచెం ఎత్తవుతుంది, నీళ్లు లోతుకి పోతాయి. మట్టేమో ఎర్రగా ఉండే బంకమన్ను, లేటరైట్ రకం. దీని గుణం ఏంటంటే వానాకాలంలో నానినప్పుడు పారకి బాగానే లొంగుతుంది, తవ్వి వదిలేస్తే గాలికి ఆరి కాల్చిన ఇటుకలా గట్టిపడిపోతుంది, కర్రలతో ఊతం కూడా పెద్దగా అక్కర్లేదు. గైడ్ గోడ మీద గోరుతో గీకి చూడమన్నాడు, గీకాను, గోరే అరిగింది తప్ప మట్టి రాలలేదు. దానికి తోడు సైగాన్ ఊరు కూతవేటు, ఒక పక్క నది, ఒక పక్క కంబోడియా వైపు పోయే రోడ్డు. ఉత్తర వియత్నాం నుంచి లావోస్, కంబోడియా అడవుల మీదుగా వచ్చే సరుకంతా సైగాన్ వైపు దిగే చోటు ఇది. తుపాకీ పట్టుకుని సైగాన్ మీదకి రావాలన్నా, సైగాన్‌ని కాపాడుకోవాలన్నా ఇద్దరికీ ఇదే గుమ్మం.

తవ్వింది దేంతో అంటే పొట్టి పిడి ఉన్న పార, వెదురు బుట్ట, అంతే. ఇద్దరు ముగ్గురు ఒక జట్టు, ఒకడు తవ్వుతుంటే ఒకడు ఎత్తి పోస్తుంటాడు. అసలు తలనొప్పి తవ్వడం కాదు, తవ్విన మట్టిని ఏం చెయ్యాలన్నది. తాజా మట్టి కుప్ప విమానంలోంచి ఇట్టే కనిపిస్తుంది కదా. బాంబు పడిన గోతుల్లో పోసేవాళ్లు, పొలం చాళ్లలో కలిపేసేవాళ్లు, నదిలో వదిలేసేవాళ్లు, పుట్టలాగా పేర్చి వదిలేసేవాళ్లు. ఈ పుట్టల దగ్గర ఇంకో తెలివి ఉంది, లోపలికి గాలి వెళ్లే కన్నాలు చాలావరకు ఇలాంటి చెదపుట్టల్లోనే దాచారు. ఇప్పటికీ అక్కడ రెండు మూడు పుట్టలు చూపిస్తారు, గైడ్ వేలు పెట్టి చూపించేదాకా నేను పక్కనే నిలబడి కూడా పుట్ట అనే అనుకున్నాను.

లోపల మూడు అంతస్తులు. పైది సుమారు మూడు మీటర్ల లోతు, పైన ట్యాంకు నడిచినా ఫిరంగి గుండు పడినా తట్టుకుంటుంది. రెండోది ఆరు మీటర్ల దగ్గర, చిన్న బాంబులకి పర్లేదు. మూడోది పది మీటర్ల దాకా, పెద్ద బాంబుల వానొస్తే అందరూ దిగేది అందులోకే. దారులు వెడల్పు ఎనభై సెంటీమీటర్ల లోపే, ఎత్తు మీటరు లోపే, అంటే వంగి నడవడం కాదు, గొంతుక్కూర్చుని బాతులా నడవాలి, చాలాచోట్ల పాకాలి. మధ్యమధ్యలో గదుల్లాంటివి, మీటింగులకి ఒకటి, గాయపడినవాళ్లకి ఒకటి, ఆయుధాలు బాగు చేసుకునేది ఒకటి, వంటకి ఒకటి. పేలకుండా పడిన అమెరికా బాంబుని రంపంతో కోసి లోపలి మందు తీసి మళ్లీ మందుపాతరలు చేసేవాళ్లు. రంపం వేడెక్కితే అంతే సంగతులు కాబట్టి పక్కన ఒకడు నీళ్లు పోస్తూ ఉండేవాడట, ఆ పని చేస్తున్న బొమ్మలు పెట్టారు అక్కడ. ఆ బొమ్మ మొహంలో ఏ భయమూ లేదు, అది మాత్రం నాకు నమ్మబుద్ధి కాలేదు.

వంటగది గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, ఎందుకంటే మొత్తం కు చీలో నాకు బాగా నచ్చింది అదే. నేల కింద పొయ్యి వెలిగిస్తే పొగ ఎక్కడికి పోతుంది? ఎక్కడో ఒకచోట బయటికి రావాలి, వస్తే విమానం వాడు చూస్తాడు, చూస్తే బాంబు పడుతుంది. దీనికి వాళ్లు వాడింది హోవాంగ్ కామ్ పొయ్యి. హోవాంగ్ కామ్ అనేది ఫ్రెంచి వాళ్లతో యుద్ధం రోజుల్లో సైన్యానికి వంట చేసిన మనిషి పేరు, కనిపెట్టినాయన పేరే పొయ్యికి ఉండిపోయింది. పొగ నేరుగా పైకి పోకుండా నేలలో అడ్డంగా పొడవైన కాలవలు తవ్వి, మధ్యలో పొగ నిలబడి చల్లారడానికి గోతులు పెట్టి, చివర్లో ఆకులూ కొమ్మలూ కప్పిన పల్చటి కన్నాల్లోంచి నేల వెంబడే పాకేలా వదిలేస్తారు. వంట కూడా తెల్లవారుజామున మంచులోనే, పొగ ఏదో మంచు ఏదో తెలియకుండా. మాకు ఒక పొయ్యి వెలిగించి చూపించారు. పొయ్యికి ఇరవై అడుగుల అవతల ఎండుటాకుల కిందనుంచి సాంబ్రాణి వేసినట్టు సన్నగా పొగ తేలింది, నేను చూసేలోపే గాలిలో కలిసిపోయింది.

వండేది ఏంటంటే ఎక్కువగా కర్రపెండలం. టూరు చివర్లో చెక్క బల్లల మీద కూర్చోబెట్టి వేడివేడి కర్రపెండలం ముక్కలు, నంజుకోడానికి వేరుశనగ గుళ్లు, నువ్వులు, ఉప్పు, కాస్త పంచదార కలిపి దంచిన పొడి, తాగడానికి టీ పెడతారు. మాతో వచ్చిన ఆస్ట్రేలియా దంపతులు దాన్ని వింతగా చూస్తుంటే మాకు నవ్వొచ్చింది. సామర్లకోట, పెద్దాపురం వైపు సగ్గుబియ్యం మిల్లుల మధ్య పెరిగినవాడికి కర్రపెండలం వింతేంటి, మా బావమరిది మూడుసార్లు పెట్టించుకున్నాడు. "బావా, మన నువ్వుల పొడిలో పంచదార పడిపోయినట్టుంది" అని కూడా అన్నాడు. కాకపోతే మేము తిన్నది ఆకలేసి సరదాగా, వాళ్లు బియ్యం లేక రోజుల తరబడి తిన్నారు.

ఇప్పుడు అసలు ప్రశ్నకి వద్దాం. ఎందుకు పూడ్చలేకపోయారు?

1966 జనవరిలో ఆపరేషన్ క్రింప్ అని, ఎనిమిది వేల మంది దాకా అమెరికన్, ఆస్ట్రేలియన్ సైనికులు ఈ ప్రాంతంలో దిగారు. ఎటునుంచి కాలుస్తున్నారో తెలియదు, కాల్చినవాడు కనిపించడు. అప్పటిదాకా గొయ్యి కనిపిస్తే ఒక గ్రెనేడ్ పడేసి ముందుకి పోవడమే తప్ప లోపలికి దిగి చూసినవాళ్లు తక్కువ. ఆస్ట్రేలియా ఇంజినీర్ దళం ఒకటి, కెప్టెన్ శాండీ మెక్‌గ్రెగర్ నాయకత్వంలో, తాళ్లు కట్టుకుని టార్చి పట్టుకుని లోపలికి పాకింది. ఇది గొయ్యి కాదు, ఊరి కింద ఇంకో ఊరు అని అమెరికా పక్షానికి గట్టిగా తెలిసింది అప్పుడే. ఆ దళంలోనే కార్పొరల్ బాబ్ బౌటెల్ అనే ఆయన లోపల ఇరుక్కుని గాలాడక చనిపోయాడు. దీని తర్వాతే అమెరికా సైన్యంలో టన్నెల్ ర్యాట్స్, అంటే సొరంగపు ఎలుకలు, అని ప్రత్యేకంగా మనుషులు తయారయ్యారు, ఎక్కువగా బక్కపల్చటి పొట్టి మనుషులు, చేతిలో పిస్తోలు, టార్చి, కత్తి, అంతే. సొరంగం ముందు బాంబులూ హెలికాప్టర్లూ అన్నీ బయటే ఆగిపోయాయి, చివరికి ఒక మనిషి ఇంకో మనిషిని చీకట్లో వెతుక్కునే దగ్గరికి వచ్చింది యుద్ధం.

అమెరికన్లు గ్యాస్ వదిలారు. లోపలివాళ్లు దారి మధ్యలో మన బాత్‌రూమ్ పైపు వంపులాగా యూ ఆకారంలో కిందకి వంచి అందులో నీళ్లు నిలిపేవాళ్లు, గ్యాస్ అక్కడే ఆగేది, అవతల నుంచి రావాల్సినవాడు ముక్కు మూసుకుని ఆ నీళ్లలో మునిగి తేలేవాడు. నది నుంచి పంపులు పెట్టి నీళ్లు తోడి పోశారు, అన్ని కొమ్మలున్న చోట ఎంత పోస్తే నిండుతుంది. పేలుడు పెట్టారు, దారులు వంకరటింకరగా ఉండేసరికి దెబ్బ ఒక మలుపు దాటి రెండో మలుపుకి నీరసపడిపోయేది, కూలిన ముక్కని వదిలేసి పక్కనుంచి ఇంకోటి తవ్వుకునేవాళ్లు. కుక్కల్ని దింపారు, లోపలివాళ్లు గాలి కన్నాల దగ్గర మిరియాలు, కారం చల్లారు, అమెరికన్ సైనికుల దగ్గర దొరికిన సబ్బులతో తామే స్నానం చేశారు, కుక్కకి అది యజమాని వాసనలాగే తగిలింది. ఇలా ఒక్కోదానికి ఒక్కో విరుగుడు. 1967 జనవరిలో ఆపరేషన్ సీడర్ ఫాల్స్ అని ఇంకా పెద్దది, ముప్పై వేల మందితో. నది అవతల బెన్ సుక్ అనే ఊరి జనాన్ని మొత్తం లారీల్లో తరలించి, ఊరిని బుల్డోజర్లతో నేలమట్టం చేసి, ఆ నేలని మళ్లీ బాంబులతో పేల్చారు. అడవి కనిపించకుండా గీకేశారు, చెట్ల ఆకులు రాల్చేసే ఏజెంట్ ఆరెంజ్ అనే విషమందు చల్లారు. అయినా ఏడాది తిరిగేసరికి, 1968 టెట్ పండగకి, అంటే వాళ్ల కొత్త సంవత్సరానికి, సైగాన్ మీద పడిన దాడికి మనుషులూ ఆయుధాలూ కూడగట్టింది ఈ ప్రాంతంలోనే.

ఇక్కడిదాకా గైడ్‌లు చెప్పేదీ నేను చెప్పేదీ ఒకటే. ఇక్కడి నుంచి తేడా.

టూరులో వినిపించే కథ ఎలా ఉంటుందంటే, అమెరికా వాడు ఏం చేసినా వీళ్లు ఒక చిట్కా వేశారు, గెలిచారు. మొదట్లో చూపించే బ్లాక్ అండ్ వైట్ సినిమా కూడా అంతే, పొలంలో నవ్వుతూ పనిచేసే అమ్మాయి, సాయంత్రానికి తుపాకీ పట్టి అమెరికన్లని చంపి బిరుదు తెచ్చుకుంటుంది. అది 1960ల్లో యుద్ధం నడుస్తుండగా తీసిన ప్రచార సినిమా కాబట్టి అలాగే ఉంటుంది, తప్పు పట్టను. కానీ ఈ చిట్కాల వెనక ఎంతమంది పోయారన్నది ఆ కథలో ఎక్కడో మూలన పడిపోతుంది. లోపల పగలు రాత్రి ఒకటే, గాలి సరిగా ఉండదు, పాములు, తేళ్లు, జెర్రులు. చావులకి యుద్ధంలో తగిలిన దెబ్బల తర్వాత రెండో పెద్ద కారణం మలేరియా. అమెరికన్లకి దొరికిన ఒక రిపోర్టు ప్రకారం ఒక వియత్‌కాంగ్ దళంలో ఏ సమయంలో చూసినా సగం మందికి మలేరియా, కడుపులో పురుగులు దాదాపు అందరికీ. ఇక్కడ పోరాడిన సుమారు పదహారు వేల మందిలో బతికి బయటపడింది ఆరు వేల మంది అని చెప్తుంటారు. టెట్ దాడిలో వాళ్ల నష్టం చాలా ఘోరం. ఆ తర్వాత బి-52 విమానాలు వరసగా బాంబులు పోస్తే సొరంగాలు చాలావరకు కూలిపోయాయి కూడా. పేలే ముందు భూమిలోకి లోతుగా దూరిపోయే బాంబుకి మూడో అంతస్తు కూడా ఆగదు. అంటే సొరంగాలని ఎవరూ ఏమీ చెయ్యలేకపోయారు అన్నది పూర్తి నిజం కాదు, చెయ్యగలిగేసరికి ఆలస్యమైపోయింది, అప్పటికే అమెరికా తన మనుషుల్ని ఇంటికి పంపించే పనిలో పడింది. నాకైతే ఈ కథే ఎక్కువ గౌరవంగా అనిపిస్తుంది, ఎందుకో గానీ గైడ్‌లు దీన్ని చెప్పరు.

ఇక మనం పాకే ముక్క. వంద మీటర్ల పొడవు, ప్రతి ఇరవై మీటర్లకి ఒకసారి బయటికి వచ్చే మెట్లు, వెడల్పు చేశారు, గోడలు బాగు చేశారు, అక్కడక్కడా చిన్న లైట్లు. అయినా సరే నేను అరవై మీటర్ల దగ్గర బయటికి వచ్చేశాను. మోకాళ్లు, వేడి, ముందు వెళ్తున్న మనిషి బూట్లు తప్ప ఏమీ కనిపించకపోవడం, వెనక ఇంకొకరి ఊపిరి. మా బావమరిది మొదటి ఇరవైకే బయటపడి చెట్టు కింద నీళ్లు తాగుతూ కనిపించాడు, "నువ్వు రావేమో అనుకున్నా బావా" అన్నాడు, మొహం మాత్రం సున్నం కొట్టినట్టుంది. మేము బుక్ చేసుకున్న టూరు వాళ్లు ఊపిరి సమస్య, బీపీ ఉన్నవాళ్లు దిగకూడదని ఒక్క ముక్క చెప్పలేదు, అక్కడి బోర్డు చూసి తెలుసుకున్నాం, కాబట్టి పెద్దవాళ్లని తీసుకెళ్తే ముందే ఆలోచించుకోండి.

ఇంకో విషయం ఎవరూ ముందు చెప్పరు. టూరు మొదలైనప్పటి నుంచి చెట్ల మధ్యలోంచి తుపాకీ చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. మొదట స్పీకర్లో పెట్టారేమో ఎఫెక్ట్ కోసం అనుకున్నా. కాదు, నిజం తుపాకులే, పక్కనే షూటింగ్ రేంజ్, వియత్‌కాంగ్ వాళ్లు వాడిన ఏకే-47, అమెరికన్లు వాడిన ఎం-16 ఏది కావాలంటే అది, బుల్లెట్టుకి ఇంత అని రేటు, కనీసం పది కొనాలి. వాళ్లని చంపిన తుపాకీ, వాళ్లు చంపిన తుపాకీ ఒకే బల్ల మీద పక్కపక్కన, రేటు మాత్రం కొంచెం తేడా. కొందరు దీన్ని చూసి ఛీ అంటారు, కొందరు ఎగబడతారు. నేను కాల్చలేదు, అలాగని కాల్చినవాళ్లని తిట్టను కూడా, ఆ ఊరివాళ్లకి ఇప్పుడు అదీ ఒక బతుకుతెరువు. కానీ ఉచ్చుల గోతులు చూపిస్తున్నప్పుడు, వెదురు ముళ్లు పైకి లేచి ఉన్న ఆ గోతుల ముందు నిలబడి, వెనక నుంచి ఏకే చప్పుడు వింటుంటే వీపు జలదరించింది, అది నిజం.

వెళ్లాలనుకునేవాళ్లకి రెండు మాటలు. కు చీలో రెండు చోట్లున్నాయి, బెన్ దిన్, బెన్ జువోక్. దగ్గరగా ఉండేది బెన్ దిన్, సగం రోజు టూరు బస్సులన్నీ అక్కడికే పోతాయి, పదకొండు గంటలకి మన తిరుపతి క్యూలా ఉంటుంది. ఇంకొంచెం దూరం పోతే బెన్ జువోక్, పెద్దది, జనం తక్కువ, స్థానికులు ఎక్కువ వచ్చేది దీనికే. అక్కడ ఒక స్మారక మందిరం ఉంది, లోపల రాళ్ల మీద నలభై వేలకి పైగా పేర్లు చెక్కి ఉంటాయి. న్గుయెన్, న్గుయెన్, న్గుయెన్ అని ఇంటిపేరు వరసగా పోతూనే ఉంటుంది, ఎక్కడా ఆగదు. ఉదయం తొందరగా బయల్దేరండి, ఫుల్ ప్యాంటు వేసుకోండి, దోమల మందు రాసుకోండి. ఇంకా టైముండి మధ్య వియత్నాం వైపు కూడా వెళ్తే క్వాంగ్ త్రీలో విన్ మోక్ చూడండి. అది పోరాడటానికి తవ్వింది కాదు, పైన బాంబులు పడుతుంటే ఊరు ఊరంతా కిందకి దిగి కాపురం పెట్టిన చోటు, ఇరవై మీటర్ల పైన లోతు, ఒక మూల చిన్న ప్రసూతి గది, అక్కడ పదిహేడు మంది పిల్లలు పుట్టారు. విన్ మోక్‌లో నిలబడి నడవచ్చు చాలావరకు, వెడల్పు చెయ్యకుండా అలాగే ఉంచారు.

చెప్పుల సంగతి మర్చిపోయాను. పాత లారీ టైర్లు కోసి చేసిన చెప్పులు అక్కడ కళ్ల ముందే చేసి అమ్ముతారు. వియత్‌కాంగ్ వాళ్లు అప్పట్లో ముందు వెనక తారుమారు చేసి కోసుకునేవాళ్లని, అడుగుజాడ చూసి వెంటపడినవాడు ఎదురు దిక్కులో పోయేవాడని గైడ్ కథ. మా బావమరిదికి అది తెగ నచ్చేసి ఒక జత కొన్నాడు. కాకినాడ వచ్చాక మొదటి వాన పడగానే పెరట్లో బురదలో నూతి దాకా నడిచి వెళ్లి, మా ఆవిడని పిలిచి "అక్కా, నేను ఎటు వెళ్లానో చెప్పు" అన్నాడు. ఆమె వంటింటి గుమ్మంలోంచి ఒక చూపు చూసి "నూతి దగ్గరికి, ఎలాగూ వెళ్లావు కదా, రెండు చేదలు తోడి పట్రా" అంది. వాడికి అమ్మింది కూడా టూరిస్టు జతే.